పాత తండా దిబ్బలో ఏముంది?

దసరా సెలవులు అయ్యాక పిల్లలు హాస్టల్‌కి తిరిగొచ్చిన రోజు ట్రంకు పెట్టెలు తెరిపించి చూడటం వార్డెన్‌గా నా పనుల్లో ఒకటి. పచ్చడి సీసా మూత వదులుగా ఉంటే పుస్తకాలన్నీ నూనె అవుతాయి, అందుకని. కిందటేడు అలా చూస్తుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి పెట్టెలో పాత చున్నీ ముక్కలో చుట్టిన మూట కనిపించింది. విప్పితే పచ్చగా చిలుము పట్టిన గంట. పిడికిట్లో ఇమిడేంత ఉంది. లోపల నాలుక లేదు. పైన తాడు దూర్చే కొక్కెం అరిగి అరిగి సన్నబడిపోయింది.

ఎక్కడిదని అడిగాను.

"మా అన్న తెచ్చాడు మేడం. పాత తండా దిబ్బ మీద మిషన్ కుయ్యిమంటే తవ్వారంట. బంగారం కాదని వాళ్ళు పక్కన పడేశారంట."

మిగతా కథ చెప్పడానికి ఆ పిల్లకు రెండు రోజులు పట్టింది. కారులో నలుగురు వచ్చారు. కర్రకు పళ్ళెం బిగించినట్టుండే మిషన్ ఒకటి తెచ్చారు. దారి చూపి, తవ్విపెడితే మనిషికి రాత్రికి వెయ్యి రూపాయలు అన్నారు. రెండు రాత్రులు ఇచ్చారు కూడా. మూడో రాత్రి అటవీ సిబ్బంది టార్చి లైట్లు కనపడగానే మిషన్ తెచ్చినవాళ్ళు కారెక్కి పోయారు. గడ్డపారలు పట్టుకుని గుంటలో ఉన్న ఇద్దరు తండా కుర్రాళ్ళు దొరికారు. అందులో ఒకడు ఈ పిల్ల అన్న.

అంతా చెప్పాక ఆమె అడిగింది: "మనవాళ్ళు నిజంగా అక్కడ బంగారం పాతిపెట్టారా మేడం?"

నేను బి.ఇడి.లో సాంఘిక శాస్త్రం బోధించడం నేర్చుకున్నదాన్ని. తాండూల మధ్యే పుట్టి పెరిగినదాన్ని. అయినా ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మన సంచికకు వ్యాసం రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు, తర్వాత ఆ పిల్లకు చెప్పిన మాటలనే కాస్త పెంచి రాద్దామనుకున్నాను.

మాది వినగడప వైపు. గంపలగూడెం మండలం, తిరువూరు నియోజకవర్గం. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. కట్టలేరు పొంగితే తోటమూల వైపు రాకపోకలు ఆగిపోతాయి. ఆ పక్కకు కొంత దూరం పోతే తెలంగాణ. ఇది నిన్న మొన్న పుట్టిన సరిహద్దు కాదు. ఇంగ్లీషువాళ్ళ కాలంలో ఇటు మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లా, అటు మధిర, ఖమ్మం నైజాం రాజ్యం. అందుకే మా నాన్న దుక్కి దున్నేటప్పుడు అప్పుడప్పుడూ నాగలికి రెండు రకాల డబ్బులు తగిలేవి. ఒకటి విక్టోరియా రాణి తల ఉన్న రాగి కాణీ, ఇంకోటి చార్మినారు బొమ్మ ఉన్న నిజాం డబ్బు. రెండూ ఒకే పొలంలో ఎందుకున్నాయని అప్పుడు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అవి మాకు బిళ్ళంగోడు ఆటలో గుర్తు పెట్టుకోవడానికి పనికొచ్చేవి.

ఆ రెండు రకాల డబ్బులు ఒకే నేలలో పడటానికి కారణాల్లో మా లంబాడీల లదేణి ఒకటి. లదేణి అంటే ఎద్దుల మీద సరుకు వేసుకుని ఊరూరా తిరిగి చేసే వ్యాపారం. కోయ, ఎరుకల, యానాది సోదరులకు ఈ మాట కొత్తగా ఉండొచ్చు. ఇప్పటి మా పిల్లలకూ కొత్తగానే ఉంది, అది వేరే బాధ. బండ్లు పోలేని అడవి దారుల్లో, కనుమల్లో సరుకు పోవాలంటే ఎద్దు వీపే దిక్కు. కోస్తా నుంచి ఉప్పు లోపలి దేశానికి, అక్కడి నుంచి పత్తి, ధాన్యం ఇటువైపు. వందల ఎద్దులు, వాటి వెంట ఆడవాళ్ళు, పిల్లలు, కుక్కలు, మొత్తం ఊరే నడిచేది. ఆ నడిచే ఊరి పేరే తండా. ఇప్పుడు కదలకుండా ఉన్న ఇళ్ళను తండా అంటున్నాం గాని, మొదట అది కదిలేదే.

1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు ఉత్తర హిందూస్థానంలో పోతూ పద్నాలుగు వేల ఎద్దుల బిడారును చూశానని రాసుకున్నాడు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే పది పన్నెండు వేల ఎద్దుల బిడార్ల గురించి రాశాడు. సైన్యాలకు తిండి చేర్చింది కూడా వీళ్ళే. షాజహాన్ వజీరు ఆసఫ్ ఖాన్ 1630 ప్రాంతంలో దక్కను మీదికి వచ్చినప్పుడు భంగి, జంగి అనే ఇద్దరు రాథోడ్ నాయకులు లక్షా ఎనభై వేల ఎద్దులతో వెంట నడిచారని మా వాళ్ళలో చెప్పుకుంటారు. ఎద్దులకు మేత, నీళ్ళు లేక వాళ్ళు వెనకాడితే, ఇళ్ళ కప్పుల మీది గడ్డి తీసుకోవచ్చు, కుండలో నీళ్ళు తాగొచ్చు అని రాగిరేకు మీద బంగారు అక్షరాలతో రాయించి ఇచ్చాడంట. బీరారులో పనిచేసిన కంబర్లెజ్ అనే ఇంగ్లీషు అధికారి 1882లో బంజారాల మీద వేసిన పుస్తకంలో ఈ కథ ఉంది. అంకెల్లో అతిశయోక్తి ఎంతైనా ఉండనీండి. మా వాళ్ళు తరాల పాటు గుర్తు పెట్టుకున్న లోహపు వస్తువు ఏదయ్యా అంటే నిధి కాదు, ఒక హక్కు పత్రం. ఈ మాట ముందు ముందు మళ్ళీ అవసరం పడుతుంది.

ఇంగ్లీషు కంపెనీ సైన్యాలు టిప్పు సుల్తాను మీదికి పోయినప్పుడూ ధాన్యం బంజారాల ఎద్దుల మీదే పోయింది. ఆ తర్వాత రోడ్లు పడ్డాయి, రైళ్ళొచ్చాయి. మా వైపు చూస్తే 1889లో నిజాం రైలు మార్గం ఖమ్మం, మధిర మీదుగా బెజవాడ చేరింది. ఎద్దు రోజుకు ఆరేడు మైళ్ళు నడిచేది. రైలుతో అది ఎక్కడ పోటీ పడుతుంది? ఎక్కడి తండా అక్కడ ఆగిపోయింది. కొందరు పశువులు మేపుకున్నారు, కొందరు అడవి నరికి పోడు కొట్టారు, కొందరు రైతుల దగ్గర పాలేర్లయ్యారు. నిన్నటి దాకా దేశానికి ఉప్పు మోసినవాళ్ళు ఒక్కసారిగా ఊరి చివర అనుమానపు మనుషులైపోయారు.

ఆ అనుమానంలోంచే ఈ నిధి కథ కూడా పుట్టిందని నా అభిప్రాయం. "లంబాడోళ్ళు అంత వ్యాపారం చేశారు, ఆ వెండి అంతా ఏమైంది? దొంగలకు భయపడి మజిలీ చేసిన చోట పాతిపెట్టారు, గుర్తుకు రాయి నిలబెట్టారు" అని చెప్పుకుంటారు. చింతచెట్టు కింద, వాగు మలుపులో, రాళ్ళ కుప్ప పక్కన, ఎక్కడ పాత తండా ఆనవాలు ఉంటే అక్కడ అమావాస్య రాత్రి నిమ్మకాయలు, పసుపు, కోడి ఈకలు కనపడతాయి. పొద్దున్నే పశువులు తోలుకుపోయేవాళ్ళు గుంటలో కాలేసి బెణికించుకుంటారు.

మా వాళ్ళు ఒక్క రూపాయి కూడా పాతిపెట్టలేదని నేను అనను. బ్యాంకులు లేని కాలంలో రైతు, షావుకారు, రాజు అందరికీ భూమే బ్యాంకు. ఆంధ్రలో పొలాల్లో నాణేల కుండలు బయటపడుతూనే ఉన్నాయి. కానీ నడిచే ఊరికి పాతిపెట్టడం తెలివైన పని కాదు, మళ్ళీ ఆ దారిన ఎప్పుడొస్తారో తెలియదు కదా. మా వాళ్ళ సొమ్ము రెండు చోట్ల ఉండేది. ఒకటి మందలో, రెండోది ఆడవాళ్ళ ఒంటి మీద. మా దాదీ జుట్టుకు ఇరుపక్కలా వేలాడే ఘుగ్రి, టోప్లి, మెడలో రూపాయి బిళ్ళల పేర్లు, కాళ్ళకు ఇత్తడి కడియాలు, ఇవే మా బీరువా. కరువొచ్చినప్పుడు ఒక్కొక్కటీ కరిగి మార్వాడీ కొట్లోకి పోయాయి. ఆ వెండి ఏమైందని అడిగేవాళ్ళకు జవాబు దిబ్బలో లేదు, తాకట్టు కొట్టు చిట్టాల్లో ఉంటుంది.

మరి దిబ్బలో ఏముంది? గంటలుంటాయి. ఎద్దుల మెడల్లోవి, కొమ్ములకు కట్టినవి. గవ్వలుంటాయి, వాటికి మిషన్ కూయదు. పొయ్యి రాళ్ళు, బూడిద, పగిలిన గాజులు, తిరగలి ముక్క ఉంటాయి, వీటికీ కూయదు. నాగలి కర్రు, గొడ్డలి, లాడం మేకుల్లాంటి తుప్పు ముక్కలు ఉంటాయి. కొన్నిచోట్ల చిట్టెం కనపడుతుంది. చిట్టెం అంటే ఇనుప రాయిని కరిగించాక మిగిలే నల్లటి, బుడగలు బుడగలుగా ఉండే రాయి. మనవాళ్ళో, మనకంటే ముందున్నవాళ్ళో ఆ చోట ఇనుము తీశారని చెప్పే సాక్ష్యం అది. దానికి చిత్తు కాగితం పాటి ధర కూడా రాదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఇలాంటి గంటే దొరికింది, ఇంకా పెద్దది, నాలుక కూడా ఉంది. మేకలు కాస్తుంటే వానకు కోసుకుపోయిన గట్టులో మెరిసింది. నేనూ మా భియా పాత సామాన్ల సైకిలతనికి వేసి చెరో రెండు పుల్ల ఐసులు తిన్నాం. సాయంత్రం గొప్పగా చెబితే మా దాదీ కొట్టలేదు, తిట్టలేదు. "ఎక్కడ దొరికింది? ఏ గట్టు?" అని అదే పనిగా అడిగింది. మేం సరిగ్గా చెప్పలేకపోయాం. మరునాడు తను ఒక్కతే వెళ్ళి ఆ గట్లన్నీ తిరిగొచ్చింది. దేనికోసం వెతికిందో నాకు అప్పుడు తెలియలేదు, అడిగే బుద్ధి వచ్చేసరికి ఆమె లేదు. గంట పోయిందనే బాధ కంటే, ఆ చోటు చెప్పలేకపోయామనే బాధే నాకు ఇప్పటికీ ఎక్కువ.

మిషన్ సంగతి కూడా కొంచెం తెలుసుకుంటే మంచిది, ఎందుకంటే మన కుర్రాళ్ళు దాన్ని మంత్రదండం అనుకుంటున్నారు. ఆ పళ్ళెంలో రాగితీగ చుట్టలుంటాయి. ఒక చుట్టలో కరెంటు అటూ ఇటూ మారుతూ పోతుంటే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఆ క్షేత్రం నేలలోని లోహాన్ని తాకితే ఆ లోహంలో సన్నటి విద్యుత్తు సుడులు తిరుగుతుంది, ఆ సుడుల ప్రభావాన్ని రెండో చుట్ట పసిగట్టి కూత పెడుతుంది. అంతే. అది బంగారమా, సోడా మూతా అన్నది మామూలు మిషన్ ఖాయంగా చెప్పలేదు. నాణెం లాంటి చిన్న వస్తువైతే జానెడు, మహా అయితే మూరెడు లోతు దాకే. మా చల్కా నేలల్లో ఇనుము పాలు ఎక్కువ, ఎర్ర మట్టికే కూస్తుంది. రెండు నిలువుల లోతున లంకెబిందెలున్నాయని మిషన్ చెప్పిందంటే మిషన్ అబద్ధం చెప్పలేదు, దాన్ని పట్టుకున్నవాడు చెప్పాడు.

1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను కాల్చినప్పుడు ఒంట్లో తూటా ఎక్కడుందో వెతకడానికి, టెలిఫోన్ కనిపెట్టిన గ్రహంబెల్ ఇలాంటి యంత్రమే తయారుచేసి తెచ్చాడు. దొరకలేదు. మంచం పరుపులోని ఇనుప స్ప్రింగులు యంత్రాన్ని తికమక పెట్టాయని చెబుతారు. రెండో ప్రపంచ యుద్ధంలో కోసాట్‌స్కీ అనే పోలండు అధికారి మందుపాతరలు వెతికే మిషన్ చేశాడు, యుద్ధం అయ్యాక మిగిలిపోయినవి జనం చేతికొచ్చాయి. ఏజెన్సీలో మన కోయ సోదరులు ఈ మిషన్‌ను మొదట చూసింది రోడ్డు మీద పోలీసుల చేతిలో, మందుపాతరల కోసమే. ఇప్పుడది ఫోనులో ఆర్డరు పెడితే ఇంటికొస్తోంది.

ఆ పిల్ల అన్న ఫోనులో ఇంగ్లండు వీడియోలు చూసేవాడంట. అక్కడ పొలాల్లో మిషన్ పట్టుకుని తిరగడం ఒక సరదా. 2009లో స్టాఫర్డ్‌షైర్ అనే చోట టెర్రీ హెర్బర్ట్ అనే ఆయనకు వెయ్యేళ్ళకు పైబడిన బంగారు కత్తి పిడుల నగిషీలు వేల ముక్కలు దొరికాయి. ముప్పై లక్షల పౌండ్లకు పైగా ధర కట్టి, మ్యూజియంల తరఫున కొని, ఆయనకూ పొలం ఆసామికీ చెరి సగం ఇచ్చారు. వీడియోలో ఇంతవరకే ఉంటుంది. పొలం ఆసామి అనుమతి ఉందని, దొరికినదాన్ని అధికారులకు చెప్పాడని, తర్వాత పురావస్తు శాస్త్రవేత్తలు వచ్చి ఆ చోటంతా కొలిచి తవ్వారని వీడియోలో మనవాళ్ళు చూడరు.

మన దగ్గరా చట్టం ఉంది. 1878 నాటి నిధుల చట్టం. భూమిలో దాగి ఉండి దొరికిన విలువైనది ఏదైనా, పది రూపాయలు దాటితే, కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. సొంతదారు ఎవరూ తేలకపోతే దొరికినవాడికి మూడొంతులు, భూమి యజమానికి ఒక వంతు పంచే ఏర్పాటు కూడా అందులో ఉంది. ప్రభుత్వమే కావాలనుకుంటే లోహపు విలువ కట్టి, దాని మీద ఐదో వంతు కలిపి ఇచ్చి తీసుకోవచ్చు. దాచిపెడితే ఏడాది దాకా జైలు. రిజర్వు అడవిలో గడ్డపార వేయడమే వేరే నేరం. చెప్పకుండా తవ్వి, పట్టుబడి, "నిధి మనదే కదా" అంటే ఏ చట్టమూ వినదు. పైగా రాత్రి కూలికి పోయినవాడి చేతిలో గడ్డపార ఉంటుంది, తీసుకెళ్ళినవాడి చేతిలో కారు తాళం ఉంటుంది. ఎవరు దొరుకుతారో వేరే చెప్పాలా?

ఇంకో రకం వాళ్ళున్నారు, బియ్యం గింజల్ని లాక్కునే రాగి చెంబు ఉందని, కోట్లకు అమ్ముడుపోతుందని తిరిగేవాళ్ళు. రైస్ పుల్లింగ్ అంటారు. శుద్ధ మోసం. దాని గురించి ఇంతకంటే రాస్తే సంచికలో చోటు దండగ.

నిధి పిచ్చి చదువులేనివాళ్ళదే అనుకోవద్దు. 2012లో హైదరాబాద్‌లో సచివాలయం దగ్గర విద్యారణ్య పాఠశాల ఆవరణలోని గుహలో నిధి ఉందని అధికారికంగానే తవ్వించారు. ఏమీ రాలేదు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో అధికారుల సమక్షంలోనే తవ్వకం మొదలైంది. బయటపడినవి ఎముకలు, ఇటుకలు. మరీ వెనక్కి పోతే మన అమరావతి ఉండనే ఉంది. 1790ల చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు గారు అక్కడ పట్నం కట్టిస్తున్నప్పుడు దిబ్బను తవ్వి రాళ్ళు తీశారు, నిధి దొరుకుతుందన్న ఆశా ఉంది. చెక్కిన పాలరాతి పలకలు గోడల్లోకి, మెట్లలోకి పోయాయి, సున్నపు బట్టీల్లోకి కూడా పోయాయి. కాలిన్ మెకంజీ వచ్చి చూసేసరికే చాలా పాడైపోయింది. మిగిలినవాటిలో చాలా భాగం ఇప్పుడు లండన్‌లో, చెన్నైలో ఉన్నాయి. మాకు ఇంకా దగ్గరలో జగ్గయ్యపేట స్తూపం. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలం నాటి శాసనాలు దొరికిన బౌద్ధ స్థలం అది. ఆ గుట్టను జనం పిలిచే పేరు ధనంబోడు. పేరులోనే ధనం ఉంది. 1882లో బర్జెస్ దాన్ని పరిశీలించేనాటికే చాలా రాళ్ళు ఎత్తుకుపోయి ఉన్నాయి.

అయినా అమరావతికి, ధనంబోడుకు ఒక అదృష్టం ఉంది. రాతి మీద అక్షరాలున్నాయి. సగం పోయినా మిగిలిన సగం ఎవరు కట్టారో, ఏ రాజు కాలమో చెబుతుంది. మన దిబ్బలకు అక్షరాలు లేవు. పినపాక వైపు జానంపేట దగ్గర అడవిలో ఉన్న ఆ పెద్ద రాతి సమాధులు చూడండి, జనం రాక్షసగుళ్ళు అంటారు. ఎవరివో రాసి లేదు. లోపల ఏ వస్తువు ఏ పక్కన, ఏ ఎముక దగ్గర, ఎంత లోతులో ఉందో, ఆ అమరికే వాళ్ళు వదిలిన రాత. ఒక ఇనుప బాణపు ములుకును అక్కడినుంచి తీసి సంచిలో వేసుకుంటే తుప్పు ముక్క మిగులుతుంది, రాత చెరిగిపోతుంది. మా దాదీ గంట ఏదని అడక్కుండా గట్టు ఏదని ఎందుకు అడిగిందో నాకు ఇది చదివాకే అర్థమైంది.

ఇక అసలు విషయానికి వస్తాను. పాత తండా దిబ్బ ఖాళీ చోటు కాదు. మా లంబాడీల్లో పెళ్ళయినవాళ్ళను దహనం చేయడం, పెళ్ళికానివాళ్ళను పూడ్చడం పాత ఆచారం. అంటే ఆ రాళ్ళ కుప్పల కింద ఉన్నది ఎక్కువగా చిన్నపిల్లలు. మిషన్ అక్కడ కూసిందంటే ఒక పసిపిల్ల కాలి కడియానికి కూసి ఉండొచ్చు. ఆ రాత్రి గుంటలో నిలబడిన కుర్రాడికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. వాడికి తెలిసి ఉంటే వెయ్యి రూపాయలకు గడ్డపార ఎత్తేవాడు కాదని నేను నమ్ముతాను.

ఇది భావోద్వేగం మాత్రమే కాదు, భూమి సంగతి కూడా. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2005 డిసెంబరు 13 నాటికి అడవి భూమి మన అనుభవంలో ఉందని చూపించాలి. ఎలా చూపిస్తాం? పట్టా లేదు, శిస్తు రసీదు లేదు. అందుకే 2008లో వచ్చిన నియమాల్లో 13వ నియమం ఏమేం సాక్ష్యంగా తీసుకోవచ్చో చెప్పింది. అందులో ప్రభుత్వ కాగితాలతో పాటు పాతకాలం నుంచి ఉన్నట్టు తెలిపే బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు ఉన్నాయి. సామూహిక హక్కులకు పాత కట్టడాల ఆనవాళ్ళు, దేవుడి చెట్లు, వనాలు, కుంటలు, శ్మశానాలు ఉన్నాయి. పెద్దల మాటను రాతలో పెట్టినా సాక్ష్యమే. ఒకటి చాలదు, ఒకటికి మించి చూపాలి. అంటే ఆ దిబ్బ మీది రాళ్ళ కుప్ప, పూడిపోయిన దిగుడు బావి, పాత పొయ్యిరాళ్ళు మన పట్టా కాగితాలు. ఆ రాగిరేకు మీద ఆసఫ్ ఖాన్ రాయించాడని చెప్పే హక్కు లాంటివే ఇవీ, కాకపోతే నేల మీద రాసి ఉన్నాయి.

ఆ పిల్ల వాళ్ళ తండా పెద్దలు సామూహిక హక్కు దరఖాస్తులో ఆ శ్మశానాన్నీ బావినీ రాసుకున్నారు. ఇప్పుడు అక్కడ నిలబడి చూపించడానికి ఏడు గుంటలున్నాయి. రాళ్ళు దొర్లి వాగులో పడ్డాయి. ఏ రాయి ఏ కుప్పదో తండా నాయక్‌కే గుర్తుపట్టడం కష్టమైంది. నిధి దొరికితే కారువాళ్ళకు దొరికేది. దొరకకపోయినా సాక్ష్యం మాత్రం మనది పోయింది.

దీపావళి తర్వాత వచ్చిన ఆదివారం ఆ పిల్ల అన్నను పిలిపించాను. బెయిలు మీద ఉన్నాడు, తల ఎత్తలేదు. తిట్టడానికి పిలవలేదని చెప్పి ఒక తెల్ల కాగితం, పెన్సిలు ఇచ్చాను. దిబ్బ బొమ్మ గీయమన్నాను. ఏ గుంట ఎక్కడ తవ్వారు, ముందు అక్కడ రాళ్ళు ఎలా ఉండేవి, గంట ఏ గుంటలో ఎంత లోతున వచ్చింది, పక్కన ఇంకేం కనిపించింది. వాడు గంటన్నర సేపు గీశాడు. తొలిసారి నా వైపు చూసి, "గంట పక్కన గవ్వలున్నాయి మేడం, చానా. వాటిని మట్టితో పాటు తోసేశాం" అన్నాడు. ఆ బొమ్మను ఫోటో తీసి నాయక్‌కు పంపాం. తండా పెద్దలు గుర్తున్నంత వరకూ దాని మీద దిద్ది, సంతకాలు, వేలిముద్రలు వేసి దరఖాస్తుకు జత చేశారు. అది ఎంత వరకు పనికొస్తుందో చూడాలి.

మా హాస్టల్లో ఇప్పుడు ఒక పెద్ద నోటు పుస్తకం పెట్టాం. సెలవులకు ఇళ్ళకు పోయే ప్రతి పిల్లా తమ తండాలోనో గూడెంలోనో ఒక పాత చోటు గురించి పెద్దవాళ్ళను అడిగి రాసుకు రావాలి. తవ్వకూడదు, తీయకూడదు. వానకు బయటపడినది కనిపిస్తే ముందు ఉన్న చోట ఉన్నట్టే ఫోటో తీయాలి, పక్కన స్కేలో అగ్గిపెట్టో పెట్టి. తర్వాత ఇంట్లో పెద్దలకు, వాళ్ళ ద్వారా రెవెన్యూ వారికి చెప్పాలి. ఎరుకల పిల్ల ఒకతె వాళ్ళ తాతలు ఈత బుట్టలు అల్లుతూ మజిలీ చేసిన మామిడి తోపు గురించి నాలుగు పేజీలు రాసుకొచ్చింది. పరీక్షలో నాలుగు లైన్లు రాయమంటే పెన్ను కొరికే పిల్ల!

గంట విషయం తహశీల్దారు కార్యాలయానికి రాసి ఇచ్చాం. అప్పగించే ముందు పిల్లలు దానికి ఒక చీటీ కట్టారు. "ఎద్దు మెడ గంట. కంచు. దొరికిన చోటు పాత తండా దిబ్బ, మూడో గుంట, మోకాలి లోతు. పక్కన గవ్వలు" అని.

ఆ రోజే ఆ పిల్ల దాదీ మనవరాలిని చూడటానికి వచ్చింది. ఎనభై దాటిన మనిషి, అక్షరం ముక్క రాదు. గంటను చేతిలోకి తీసుకుని కొక్కెం అరిగిన వైపు వేలితో తడిమింది. చీటీ మీద ఏం రాశారని అడిగితే పిల్లలు చదివి వినిపించారు. ఆమె అడ్డంగా తల ఊపింది. "మామూలు ఎద్దుది కాదు తల్లీ. గవ్వలున్నాయంటున్నారుగా. ఇది బరువు మొయ్యని ఎద్దుది. అందరికంటే ముందు నడిచేది. దానికి గవ్వల పట్టీలు కట్టి, గంటలు కట్టి, దేవుడికి వదిలేసేవాళ్ళు. జబ్బు చేస్తే దానికే మొక్కేవాళ్ళం."

కంబర్లెజ్ 1882 పుస్తకంలో సరిగ్గా ఆ ఎద్దు గురించే ఉంది. సామాను మోయకుండా, గవ్వలతో, ఇత్తడి గంటలతో బిడారు ముందు నడిచే ఎద్దు. నేను ఆ పేజీ చదివాను గాని, పిల్లలు చీటీ రాస్తున్నప్పుడు నాకు తట్టలేదు.

పిల్లలు పాత చీటీ విప్పి, "ఎద్దు మెడ గంట" అన్నది కొట్టేసి, పైన కొత్తగా రాశారు. దాదీ చెప్పిందని కింద ఆమె పేరు కూడా వేశారు.